రోమ్‌లో తిండి: ఏ వేళకి ఏ కొట్టు

రోమ్ చూసొచ్చి "ఊరు బ్రహ్మాండం, తిండే బాలేదు, పైగా దోచేశారు" అనేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఎక్కడ తిన్నారని ఆరా తీస్తే దాదాపు ఒకటే జవాబు వస్తుంది: మధ్యాహ్నం నాలుగింటికి, ఏదో ఫౌంటెన్ ఎదురుగా, గొడుగు కింద కూర్చుని, బొమ్మల మెనూలో వేలు పెట్టి చూపించిన పిజ్జా. అక్కడ వేళ తప్పు, చోటు తప్పు, అడిగిన వంటకమూ తప్పే. నాలుగింటికి ఊళ్లో మంచి వంటిళ్లన్నీ పొయ్యిలు ఆర్పేసి ఉంటాయి. ఆ వేళకి కూర్చోబెట్టి వడ్డించే చోటు మీలాంటి కొత్తవాళ్ల కోసమే తెరిచి ఉంటుంది. మీరు మళ్లీ వచ్చినా రాకపోయినా దానికి ఒకటే.

రోమ్‌లో ఒక్కో రకం కొట్టు ఒక్కో పని చేస్తుంది, ఆ పనికి ఒక వేళంటూ ఉంటుంది. పొద్దున బార్, మధ్యాహ్నం బేకరీ లేదా ముక్కల పిజ్జా కొట్టు, రాత్రికి త్రత్తొరియా (కూర్చోబెట్టి వడ్డించే మామూలు భోజన హోటల్) లేదా పిజ్జేరియా. ఈ వరస పట్టుకుంటే పెద్దమనిషికి రోజుకి సుమారు 35 నుంచి 40 యూరోల్లో చాలా బాగా తినొచ్చు. వరస తప్పితే అంతకు రెట్టింపు పెట్టినా వేడిచేసిన ఫ్రోజెన్ పిజ్జాయే దక్కుతుంది.

పొద్దున, కౌంటర్ దగ్గర

ఇక్కడి బార్‌లో మందు కూడా పోస్తారు గానీ పొద్దున్నే జనం నిండేది కాఫీకి. కపుచీనో, ఒక కొర్నెత్తో (కాస్త తియ్యటి, మెత్తటి క్రొసాంట్ అనుకోండి), అయిదు నిమిషాలు నిలబడి తినేసి వెళ్లిపోవడం, అదే వాళ్ల టిఫిను. కౌంటర్ దగ్గర ఎస్ప్రెస్సో సుమారు 1.20 నుంచి 1.50 యూరోలు, కపుచీనో ఒకటిన్నర నుంచి రెండు. అదే కాఫీ బయట చౌకులో బల్ల దగ్గర కూర్చుని తాగితే మూడు నాలుగు రెట్లు అవుతుంది. ఇది మోసం కాదు. నిలబడితే ఒక ధర, కూర్చుంటే ఒక ధర అని పట్టిక గోడ మీద పెడతారు, "అల్ బాంకో" అన్న వరస నిలబడేవాళ్లది, "అల్ తావొలో" అన్నది కూర్చునేవాళ్లది. కాళ్లు పీకుతున్నాయని కూర్చుంటే ఆ కుర్చీకి అద్దె కడుతున్నట్టే లెక్క, కాఫీకి కాదు.

ఊరి నడిబొడ్డున రద్దీ బార్లలో ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి, చీటీ తీసుకుని, దాన్ని కౌంటర్ మీద పెట్టి అడగాలి. చీటీ లేకుండా నిలబడితే ఎంతసేపైనా మిమ్మల్ని ఎవరూ పట్టించుకోరు. అది పొగరు కాదు, మీ వంతు ఇంకా మొదలు కాలేదంతే. పేటల్లోని చిన్న బార్లలో మాత్రం ముందు తాగి తర్వాత కట్టడమే మామూలు. పక్కవాళ్లు ఏం చేస్తున్నారో ఒక్క నిమిషం చూస్తే తెలిసిపోతుంది.

పొగలు కక్కే కాఫీ అలవాటైన మన నోటికి కపుచీనో గోరువెచ్చగా అనిపిస్తుంది. పాలు మరీ కాగితే తీపి పోతుందని వాళ్లు మరగనివ్వరు. ఇంకా వేడిగా కావాలంటే "బెన్ కాల్దో" అనండి, ఇస్తారు. టీ మీద ఆశలు పెట్టుకోవద్దు: వేణ్నీళ్లు, పక్కన ఒక సంచీ, అంతే. పాంథియన్ అనే ప్రాచీన గుడి పక్కన 1938 నుంచి ఉన్న సాంత్ ఎవుస్తాకియో కాఫీ కొట్టులో అడక్కపోయినా చక్కెర కలిపే ఇస్తారు, వద్దనుకుంటే ముందే "సెంత్సా జుక్కెరో" అని చెప్పాలి. దానికి దగ్గర్లోనే తాత్సా దోరోలో ఎండాకాలం కాఫీ గ్రనీతా అడగండి. గడ్డకట్టించిన కాఫీ పలుకులకి కిందా మీదా గిలక్కొట్టిన క్రీమ్ వేసి ఇస్తారు.

కొర్నెత్తో ఒక్కటే విసుగు పుడితే మరితొత్సో ఉంది. మెత్తటి బన్నుని చీల్చి, నోరు పట్టనంత క్రీమ్ కూరుతారు. ఎస్క్విలీనో పేటలో 1916 నాటి రెగోలి మిఠాయి కొట్టు దీనికి పేరుపడింది. తొమ్మిదిలోపు వెళ్తే వరుస పొట్టిగా ఉంటుంది.

మధ్యాహ్నం, తూకం లెక్కన

పగటిపూట తినాల్సింది గుండ్రటి పిజ్జా కాదు, పళ్లెంలో కాల్చి ముక్క కోసి అమ్మే పిజ్జా. దీన్ని "పిజ్జా అల్ తాల్యో" అంటారు. అమ్మకం బరువు లెక్కన. రేటు పలక మీద కిలోకో, ఎత్తోకో రాసి ఉంటుంది. ఎత్తో అంటే 100 గ్రాములు. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే: 2.80 అని చూసి ముక్క ధర అనుకుంటారు, తీరా కాటాలో మూడు ఎత్తోలు తూగి దాదాపు ఎనిమిదిన్నర అవుతుంది. కత్తి ఎక్కడ పెట్టాలో చెప్పే హక్కు మీదే. చేత్తో ఎంత వెడల్పో చూపిస్తే అంతే కోస్తారు. ఒక మనిషికి మధ్యాహ్నానికి 250 నుంచి 300 గ్రాములు చాలు. బంగాళాదుంప వేసిన రకాలు బరువు తూగుతాయి, టమాటా ఒక్కటే పూసిన రకం తేలిగ్గా ఉంటుంది. అదే డబ్బుకి రెండు మూడు రకాలు రుచి చూడాలనుకుంటే చిన్న ముక్కలు అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. కోశాక వేడి చేయమంటే మళ్లీ పొయ్యిలో పెట్టి ఇస్తారు.

వాటికన్ మ్యూజియంలో మూడు నాలుగు గంటలు నిలబడి బయటికొచ్చినవాళ్లు గేటు ఎదురుగా కనబడ్డ మొదటి చోటే కూలబడతారు. ఇంకో పది నిమిషాలు నడిచి, మెట్రో ఏ లైన్‌లోని చీప్రో స్టేషన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ వియా దెల్లా మెలోరియా వీధిలో గబ్రియేలె బొంచి అనే పిజ్జా వంటగాడు 2003లో తెరిచిన పిజ్జారియుం ఉంది. పిండిని ఎక్కువ నీళ్లతో కలిపి చాలా గంటలు పులియబెట్టడం వల్ల లోపల పెద్ద పెద్ద గాలి గూళ్లు, అడుగున కరకర వస్తాయి. రేటు మామూలు కొట్ల కన్నా ఎక్కువే. కూర్చునే చోటు లేదు, జనం ఫుట్‌పాత్ మీదే నిలబడి తింటారు. ఒంటిగంటన్నరకి వరుస బాగా పెరుగుతుంది, పన్నెండుకి ముందే వెళ్తే హాయి. అంత నడిచే ఓపిక లేకపోతే మ్యూజియం గేటుకి దగ్గర్లోనే మెర్కాతో త్రియోన్‌ఫాలె అనే పెద్ద మార్కెట్ ఉంది. పళ్లు, చీజ్, రొట్టె కొనుక్కుని మధ్యాహ్నం గడిపేయొచ్చు.

కాంపో దె ఫియోరి చౌకు చుట్టుపక్కల అయితే పాత బేకరీలే దిక్కు. చౌకు మూలన ఉన్న ఫోర్నో (అంటే బేకరీ), వియా దెయీ కియవారిలోని రొష్షోలి ఫోర్నో, రెండూ మంచివే. అడగాల్సింది "పిజ్జా బియాంకా", "పిజ్జా రొస్సా". బియాంకా అంటే నూనె, ఉప్పు మాత్రమే. రొస్సా అంటే పైన పల్చటి టమాటా పూత, చీజ్ ఉండదు. తాజాగా పొయ్యిలోంచి తీసిన పలక కోసం రెండు నిమిషాలు ఆగడం మంచిది, చల్లారిన బియాంకా రబ్బరులా సాగుతుంది.

ఈ కొట్లలోనే సుప్లీ అని కోలగా వేయించిన అన్నం ముద్ద దొరుకుతుంది, టమాటాలో ఉడికిన బియ్యం మధ్య మొత్సరెల్లా పెట్టి, బ్రెడ్ పొడి పట్టించి నూనెలో వేస్తారు. వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే మధ్యలో చీజ్ తీగ సాగదు, గడ్డకట్టి ఉంటుంది. పాత పద్ధతి సుప్లీ టమాటా గుజ్జులో మాంసం ఉంటుందని శాకాహారులు గుర్తుపెట్టుకోవాలి. కొన్ని చోట్ల కాచో ఎ పెపె (చీజ్, మిరియాలు) సుప్లీ అని మాంసం లేనిది కూడా చేస్తారు.

త్రాపిత్సీనో అని ఇంకోటుంది. స్తేఫనో కల్లెగారి అనే పిజ్జా వంటగాడు 2008లో తెస్తాచ్చో పేటలో కనిపెట్టాడు. త్రికోణం ఆకారంలో పిజ్జా రొట్టె జేబు, అందులో రోమన్ల ఇళ్లలో వండే కూరలు. పొల్లో అల్లా కచ్చతోరా అంటే వెనిగర్, రోజ్‌మేరీ వేసి ఉడికించిన కోడికూర. పార్మిజానా అంటే వంకాయ, టమాటా, చీజ్ పొరలు. బీఫూ పందీ వద్దనే ఇంటిల్లిపాదికీ ఇది తేలిక మార్గం. రెండు తింటే కడుపు నిండుతుంది.

మూడింటి నుంచి ఏడింటి దాకా త్రత్తొరియాలు మూసేస్తాయి. ఆ మధ్యలో ఆకలేస్తే ముక్కల పిజ్జా, బార్‌లో త్రమెత్సీనో శాండ్‌విచ్, లేదంటే జెలాతో (ఇటలీ ఐస్‌క్రీమ్). నాలుగింటికి పాస్తా కోసం వెతకొద్దు.

రాత్రి, నాలుగు పాస్తాలు

రోమ్ త్రత్తొరియాకి వెళ్తే వంటగాడి సత్తా నాలుగు పాస్తాల్లో తేలిపోతుంది. నాలుగింటికీ మూలం పెకొరీనో రొమానో అనే గొర్రెపాల చీజ్. దానికి మిరియాలు మాత్రమే చేరిస్తే కాచో ఎ పెపె. గ్వాంచాలె అనే ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ కొవ్వు చేరిస్తే గ్రీచా. గ్రీచాకి టమాటా పడితే అమాత్రిచానా, గుడ్డు పడితే కార్బొనారా. క్రీమ్ ఎందులోనూ లేదు. మెనూలో కార్బొనారా పక్కన క్రీమ్ అని కనిపిస్తే లేచి వచ్చేయండి, ఆ కొట్టు ఊరివాళ్ల కోసం వండటం లేదు.

పైకి సులువుగా కనిపించే కాచో ఎ పెపె అన్నింట్లోకీ కష్టమైనది. చీజ్‌ని పొడిలా తురిమి, పాస్తా ఉడికిన నీళ్లతో ముద్దగా కలిపి, పెనం పొయ్యి మీంచి దించాకే పాస్తాకి పట్టించాలి. పెనం వేడి ఎక్కువైతే చీజ్‌లోని ప్రొటీన్ బిగుసుకుపోయి ఉండలు కడుతుంది. నీళ్లలో గంజి చాలకపోతే కొవ్వూ నీరూ విడిపోయి పళ్లెం అడుగున నూనె మడుగు తేలుతుంది. మీ ముందుకొచ్చిన పళ్లెంలో ఉండలూ మడుగూ లేకుండా, గుజ్జు ప్రతి పోగుకీ అంటుకుని ఉంటే మంచి చోటే దొరికిందన్నమాట. తెస్తాచ్చోలోని ఫెలీచె త్రత్తొరియా దీనికి పేరు మోసింది, బల్ల దగ్గరికి తెచ్చి మీ ముందే కలుపుతారు. కార్బొనారాలో తప్పు ఇంకో రకం. వేడి మించితే గుడ్డు పొరటులా పలుకులు పలుకులు అవుతుంది.

ఈ పాస్తాలన్నీ మన నాలుకకి ఉప్పు ఎక్కువే. పెకొరీనో, గ్వాంచాలె రెండూ ఉప్పువే కాబట్టి చేసేదేమీ లేదు. పాస్తా పలుకుగా ఉండటం కూడా వండటంలో లోపం కాదు. మరీ మింగుడుపడకపోతే ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెన్ కొత్తా" అనండి. కారం కోసం "పెపెరొన్‌చీనో" అడిగితే ఎండుమిరప పొడో, మిరప నానిన నూనో తెస్తారు.

మెనూలో అంతిపాస్తో (ముందు తినే చిరుతిండి), ప్రీమో, సెకోందో (మాంసమో చేపో), కొంతోర్నో, దోల్చె (తీపి) అని అయిదు వరసలుంటాయి. అన్నీ తీసుకోవాలన్న నియమం లేదు. ఒక ప్రీమో (పాస్తా), ఒక కొంతోర్నో (కూరగాయ) చాలు, ఊరివాళ్లూ అలాగే తింటారు. కాకపోతే సీటు కోసం జనం బయట నిలబడి ఉన్న రాత్రి ఒక్క పాస్తా చెప్పి ముగ్గురు పంచుకుంటే ముఖం మాడుస్తారు, పెద్దవాళ్లు తలా ఒకటి చెప్పాల్సిందే. పిల్లలకి మెనూలో లేకపోయినా "పాస్తా అల్ పొమొదోరో" (టమాటా) లేదా "ఇన్ బియాంకో" (నూనో వెన్నో మాత్రమే) వండిస్తారు. "మెద్జా పొర్త్సియోనె" అంటే సగం పళ్లెం. మొహమాటపడకుండా అడగండి, పిల్లల విషయంలో రోమన్లు కాదనరు.

చోట్ల పేర్లు కావాలంటే: పాంథియన్ దగ్గర అర్మాందో 1961 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది, ఆ చుట్టుపక్కల నమ్మకంగా తినగల అరుదైన చోటు, కానీ చాలా రోజుల ముందే బుక్ చెయ్యాలి. త్రస్తేవెరె పేటలో దా ఎంత్సో వంట బాగుంటుంది, వరుస మాత్రం ఓపికకి పరీక్ష. అదే ఓపిక ట్రామ్‌కి ఖర్చుపెట్టి 8వ నంబరు ఎక్కి చివరి స్టాప్ కజలెత్తోలో దిగితే ఎదురుగానే చేజరె త్రత్తొరియా ఉంటుంది. ఊరి మధ్య నుంచి అరగంట దూరం, వంట మాత్రం మధ్యలో దొరికేదాని కన్నా మేలు. నన్నడిగితే రోమ్‌లో ఒక్కటే మంచి భోజనానికి వీలున్నవాళ్లు ఇక్కడికి వెళ్లాలి.

బల్లలు సాధారణంగా ఏడున్నరకి, మళ్లీ తొమ్మిది, తొమ్మిదిన్నరకి ఇస్తారు. బుకింగ్ లేకపోతే ఏడుంబావుకల్లా తలుపు దగ్గర ఉండాలి. ఎనిమిదిన్నరకి వెళ్తే రెండు వంతుల మధ్య ఇరుక్కుంటారు. మధ్యాహ్నమైతే పన్నెండున్నరకి సరిగ్గా.

గుండ్రటి పిజ్జా రాత్రిదే. కట్టెల పొయ్యి వేడెక్కించడం సాయంత్రమే మొదలవుతుంది, చాలా పిజ్జేరియాలు పగలు తెరవవు. రోమ్ పిజ్జా నేపుల్స్ పిజ్జాలా అంచు ఉబ్బి మెత్తగా ఉండదు, అప్పడంలా పల్చగా విరుగుతుంది. తెస్తాచ్చోలో దా రేమో, త్రస్తేవెరె రోడ్డు మీద ఆయీ మార్మి పాత చోట్లు. ఆయీ మార్మి పాలరాతి బల్లలు చూసి ఊరివాళ్లు దానికి శవాగారం అని ముద్దుపేరు పెట్టారు. పిజ్జా మాత్రం బతికే ఉంటుంది.

మాంసం తిననివాళ్లకి

"సోనో వెజెతరియానో" (ఆడవాళ్లైతే "వెజెతరియానా") అని చెప్పి ఊరుకుంటే చాలదు. "సెంత్సా కార్నె, సెంత్సా పేషె" అని కలపాలి, అంటే మాంసం, చేప రెండూ వద్దని. రోమ్ వంటలో దాక్కుని ఉండే శత్రువు మాంసం ముక్క కాదు, అలీచి అనే చిన్న ఉప్పుచేప. గుమ్మడిపూల బజ్జీలో మొత్సరెల్లాతో పాటు అది ఉంటుంది. చలికాలం పుంతరెల్లె అనే ఆకు సలాడ్‌కి పట్టించేదే వెల్లుల్లి, అలీచి, వెనిగర్ నూరిన ముద్ద. బఠాణీలు, చిక్కుడు గింజలు గ్వాంచాలెతో వండుతారు. పప్పు సూపుల్లోనూ పంది కొవ్వు పడుతుంది. తీపిలో పన్నాకొత్తాని జెలటిన్‌తో గడ్డకట్టిస్తారు. తిరమిసులో పచ్చి గుడ్డు ఉంటుంది.

యూరప్ నిబంధనల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాలు ఏ వంటకంలో ఉన్నాయో అడిగితే చెప్పి తీరాలి, చాలా మెనూల్లో అంకెలు వేసి ఉంటాయి. గుడ్డు, పాలు, చేప ఆ పట్టికలో ఉన్నాయి కాబట్టి దాక్కున్న అలీచి అలా బయటపడుతుంది. మాంసం అలర్జీ పదార్థం కాదు కాబట్టి గ్వాంచాలె బయటపడదు. దాన్ని నోటితో అడగాల్సిందే.

నాలుగు పాస్తాల్లో మాంసం లేనిది కాచో ఎ పెపె ఒక్కటే. మిగతావాటిలో గ్వాంచాలె తీసేయమని అడక్కండి, దాని కొవ్వులోనే గుజ్జు తయారవుతుంది, తీస్తే మిగిలేది ఏమీ ఉండదు. పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి: పెకొరీనో రొమానోకి గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెనెట్ అనే పదార్థంతో పాలు విరగ్గొడతారు, పార్మిజానో అనే ఆవుపాల చీజ్‌కి దూడ రెనెట్‌తో. అదీ వద్దంటే పెన్నె అల్లరబ్బియాతా (టమాటా, వెల్లుల్లి, మిరప), స్పగెత్తి ఆల్యో ఓల్యో, చీజ్ లేని పిజ్జా మరినారా, పగలు పిజ్జా రొస్సా. చీజ్ చల్లకుండా "సెంత్సా ఫొర్మాజో" అనాలి. గుడ్డు తిననివాళ్లకి: ఫెత్తుచ్చీనె, తొన్నరెల్లి లాంటి తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. స్పగెత్తి, రిగతోని, పెన్నె సాధారణంగా ఎండు పాస్తా, గోధుమ నూకా నీళ్లూ తప్ప అందులో ఏమీ ఉండదు.

కొంతోర్నో వరసలో చికోరియా రిపస్సాతా కనిపిస్తే వదలొద్దు. చేదు ఆకుకూరని ఉడికించి పిండి, నూనెలో వెల్లుల్లి, ఎండుమిరపతో వేయిస్తారు. నాలుగు రోజులు చీజ్ తిన్న నోటికి ప్రాణం లేచొస్తుంది.

శాకాహారులు అసలు పట్టించుకోని చోటు యూదుల పేట. పోప్ నాలుగో పాల్ 1555లో యూదుల్ని గోడ కట్టి బంధించిన గెట్టో ఇది, ఇప్పుడు వియా దెల్ పోర్తికో దొత్తావియా పొడవునా కోషర్ హోటళ్లు. వాళ్ల మతనియమం ప్రకారం మాంసం, పాలు ఒకే వంటింట్లో కలవకూడదు. అందుకే ఒక్కో హోటల్ మాంసం వండేదో, పాలు వండేదో అయి ఉంటుంది. పాల హోటల్లో మాంసం గిన్నె కూడా కనిపించదు. చేప ఒక్కటి చూసుకుంటే చాలు. మాంసం హోటళ్లలో పంది ఉండదు, కార్బొనారా కూడా పశుమాంసంతోనే చేస్తారు, పంది తిననివాళ్లకి మేలు, బీఫ్ తిననివాళ్లు జాగ్రత్త. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుపోయేదాకా కోషర్ చోట్లన్నీ మూసి ఉంటాయి.

ఇక్కడ తినాల్సింది కార్చోఫీ అల్లా జూదియా. ఆర్టిచోక్ మొగ్గని ముళ్లు లేకుండా చెక్కి, మొదట తక్కువ వేడి నూనెలో లోపలిదాకా ఉడికించి, తీసి, రేకులు పువ్వులా విప్పి, మళ్లీ బాగా కాగిన నూనెలో వేస్తారు. రెండోసారి వేయడంలోనే కిటుకు: బయటి రేకులు వడియంలా కరకరలాడాలి, నడిమి భాగం వెన్నలా ఉండాలి. ఒకేసారి వేయించేస్తే బయట మాడి లోపల పీచు మిగులుతుంది. రోమ్ ఆర్టిచోక్ కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. ఆగస్టులో పెడితే అది వేరే ఊరిదో, ఫ్రోజెన్‌దో. మెనూలో వంటకం పేరు పక్కన చిన్న నక్షత్రం గుర్తు (*) ఉంటే సాధారణంగా ఫ్రోజెన్ అని అర్థం, దాని వివరం పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఈ వీధిలోనే బోర్డు కూడా లేని బొచ్చోనె బేకరీలో రికోత్తా అనే మెత్తటి చీజ్, పుల్లటి చెర్రీలతో చేసిన కేకు దొరుకుతుంది. పైన మాడినట్టు నల్లగా ఉంటుంది, అది అంతే.

బోటీ ఇష్టపడేవాళ్లకి తెస్తాచ్చో

మెట్రో బి లైన్‌లో పిరమిదె దిగితే తెస్తాచ్చో. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఊరి కబేళా కట్టారు, 1975 దాకా నడిచింది. మంచి మాంసం డబ్బున్నవాళ్లకి పోగా తోక, పేగులు, పొట్ట కార్మికులకి మిగిలేవి. ఆ మిగిలినదాన్నే "క్వింతో క్వార్తో", అంటే నాలుగు భాగాలు పోగా మిగిలిన ఐదో భాగం, అంటారు. త్రిప్పా అల్లా రొమానా పొట్టని టమాటా, పుదీనా జాతి ఆకు, పెకొరీనోతో వండేది, శనివారం వంట. కోదా అల్లా వచ్చినారా ఎద్దుతోక, గంటలకొద్దీ ఉడికేది. పయాతా పాలు తాగే దూడ పేగు, లోపలి పాలతో సహా. మ్యాడ్ కౌ జబ్బు వల్ల 2001లో నిషేధం పడి 2015లో తొలగింది. ఇవన్నీ పశుమాంసమే, బోటీ అనగానే మేక అనుకుని చెప్పేయకండి. బీఫూ పందీ రెండూ తినని మాంసాహారులు అబ్బాక్కియో అడగాలి, అది గొర్రెపిల్ల. "స్కొత్తదీతో" అంటే ఆ పక్కటెముకలు నిప్పుల మీద కాల్చినవి, నిమ్మకాయ పిండుకుని చేత్తో తినాలి. శుక్రవారమైతే బక్కలా, ఉప్పుచేప. గురువారం న్యోక్కి (బంగాళాదుంప పిండి ఉండలు).

ఫ్లావియో అల్ వెలవేవొదెత్తో అనే త్రత్తొరియా మోంతె తెస్తాచ్చో కొండలోకే కట్టి ఉంది. ఆ కొండ మట్టిది కాదు, రోమన్ల కాలంలో నూనె దిగుమతి చేసుకుని పగలగొట్టిన కుండల పెంకుల గుట్ట. లోపల గాజు వెనక ఆ పెంకులు కనిపిస్తాయి. పగలు వచ్చేవాళ్లు కబేళా ఎదురుగా 2012లో తెరిచిన మార్కెట్‌కి వెళ్లండి. మధ్యాహ్నం రెండుకల్లా చాలా అంగళ్లు సర్దేసుకుంటాయి, ఆదివారం సెలవు.

బిల్లు

మామూలు త్రత్తొరియాలో పాస్తా 11 నుంచి 15 యూరోలు. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో కొపెర్తో, అంటే కూర్చున్నందుకు వేసే రుసుము, వెయ్యకూడదని 2006లో చట్టం చేశారు. దాని బదులు "పానె" అని రొట్టెకి తలా ఒకటిరెండు యూరోలు వేస్తారు. రొట్టె వద్దంటే ఆ డబ్బు కట్టక్కర్లేదు, కానీ బుట్ట బల్ల మీద పెట్టినప్పుడే చెప్పాలి, ఒక ముక్క తుంచాక కాదు. "సెర్వీత్సియో" అని 10, 15 శాతం వేసే చోట్లున్నాయి. అది మెనూలో రాసి ఉంటేనే చెల్లుతుంది. ఒకసారి అది వేశాక టిప్పు ఇంకేమీ అక్కర్లేదు. లేకపోయినా చిల్లర వదిలేస్తే సరిపోతుంది.

అసలు ప్రమాదం చేపలో ఉంది. చేప, రొయ్య ధర కూడా ఎత్తో లెక్కనే రాస్తారు. 9 యూరోలు అని చూసి చెప్పిన చేప 800 గ్రాములుంటే 72 అవుతుంది. వండకముందే చేపని తెచ్చి చూపించి, బరువు, మొత్తం ధర చెప్పమనండి. 2019లో ఇద్దరు జపాన్ పర్యాటకులకి ఒక చోట రెండు సముద్రపు చేపల స్పగెత్తికీ నీళ్లకీ కలిపి 430 యూరోల దాకా వేసిన బిల్లు పేపర్లకెక్కింది. అందులో 80 యూరోలు సర్వీసు కిందే. కార్డు తీసుకోకపోవడం చట్టవిరుద్ధం, "మెషిన్ పనిచెయ్యట్లేదు" అని చివర్లో అంటే కంగారుపడి ఏటీఎంకి పరిగెత్తొద్దు, కాస్త నిలబడితే మెషిన్ బాగవుతుంది.

నీళ్లకి వీధుల్లో సుమారు 2,500 నాసోని కుళాయిలున్నాయి, 1870ల నుంచీ. ఆ నీళ్లు తాగొచ్చు, చల్లగా ఉంటాయి. గొట్టం కింద రంధ్రాన్ని వేలితో మూస్తే పై చిల్లులోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. హోటల్లో మాత్రం సీసానే తెస్తారు.

జెలాతోకి రంగు చూస్తే చాలు. పిస్తా మట్టి రంగు కలిసిన ఆకుపచ్చగా, అరటి బూడిద తెలుపుగా ఉండాలి. మెరిసే పచ్చ, పసుపు కనిపిస్తే రంగు పోశారన్నమాట. గాజు వెనక గుట్టలు గుట్టలుగా పోసి ఉంటే దాటి వెళ్లండి, కరగకుండా అలా నిలబడాలంటే గాలీ, చౌక కొవ్వులూ, స్టెబిలైజర్లూ ఎక్కువ పడాలి. మూతలున్న లోహపు డబ్బాల్లోంచి తీసే చోటు, లేదా ఫాతామొర్గానా, వియా దెయీ కొరొనారిలోని తెయాత్రో లాంటివి నిశ్చింత. పాలు వద్దనేవాళ్లు పళ్ల సొర్బెత్తో అడగండి.

ఇన్ని చెప్పినా మూడో రోజుకి అన్నం మీదికి మనసు పోయేవాళ్లు ఎటూ ఉంటారు. తెర్మినీ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో పియాత్సా విత్తోరియో పక్కన నువోవో మెర్కాతో ఎస్క్విలీనో ఉంది. బంగ్లాదేశ్ వాళ్ల అంగళ్లలో పచ్చిమిర్చి, కొత్తిమీర, బెండకాయ, బాస్మతి, హలాల్ మాంసం అన్నీ దొరుకుతాయి. వంటిల్లున్న గది తీసుకున్న కుటుంబాలకి వరం. ఉదయం వెళ్లాలి, ఆదివారం మూసేస్తారు. అర్ధరాత్రికి దగ్గరగా రైలు దిగేవాళ్లకి స్టేషన్ లోపలే, వియా జొలిత్తి వైపు, మెర్కాతో చెంత్రాలె రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది. ఆదివారం రాత్రి, సోమవారం త్రత్తొరియాలు చాలావాటికి సెలవు. ఆగస్టు 15 అటూ ఇటూ వారం రెండు వారాలు మంచివన్నీ తలుపుకి "కియూజో పెర్ ఫేరియె" అని కాగితం అంటించి ఊరెళ్లిపోతాయి. ఆ రోజుల్లో వెళ్తుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మ్యాప్‌లో "తెరిచి ఉంది" అన్నదాన్ని నమ్మొద్దు.